పాత బట్టల విపణి నుంచి అంతర్జాల వేలం దాకా: తొలిసారి అమ్మకందారు స్థానం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

వాడిన దుస్తుల వ్యాపారం కొత్తది కాదు. వేలం పద్ధతి అంతకన్నా కొత్తది కాదు. ఈ రెండూ 20వ శతాబ్ది చివరి దశకంలో అంతర్జాలం మీద కలిసినప్పుడు, అంతకుముందు పాత బట్టను దానం చేయడమో, సామానుకు మార్చుకోవడమో మాత్రమే తెలిసిన గృహస్థు తొలిసారిగా అమ్మకందారు అయ్యాడు. తన వస్తువును తానే వర్ణించి, కొలతలిచ్చి, లోపం చెప్పి, అపరిచితుల చేత పాట పాడించవలసిన స్థితి ఏర్పడింది. ఈ మార్పు క్రమాన్ని, అందులో భాషకు దక్కిన ప్రాధాన్యాన్ని, తొలి అమ్మకందారు పొందినదానిని, కోల్పోయినదానిని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: వేలంపాట, పాత బట్టలు, మారకం, అంతర్జాల విపణి, నమ్మకం, వస్తు వర్ణన.

1. ప్రవేశిక

బట్ట చరిత్ర రాసినవారు ఎక్కువగా నేతను, రంగుల అద్దకాన్ని, ఎగుమతులను చర్చించారు. మగ్గం దిగిన గుడ్డ దుకాణం చేరేదాకా జరిగిన ప్రయాణం మీద ఉన్న శ్రద్ధ, అది ఒకరి ఒంటి మీద నుంచి మరొకరి ఒంటి మీదికి చేరే ప్రయాణం మీద చాలాకాలం కనబడలేదు. ఇంగ్లండు పాత బట్టల వ్యాపారం మీద 1980ల నుంచి బెవర్లీ లెమైర్ చేసిన పరిశోధనలు ఈ లోటును కొంత తీర్చాయి. పారిశ్రామిక విప్లవానికి ముందు సామాన్యుల ఇళ్లలో బట్ట దాచుకున్న ధనంతో సమానమని, అవసరం వచ్చినప్పుడు దానిని తాకట్టు పెట్టడం, అమ్మడం, మార్చుకోవడం నిత్యవ్యవహారమని ఆమె నిరూపించారు. భారతదేశానికి సంబంధించి లూసీ నోరిస్ 2010లో వెలువరించిన గ్రంథం ఢిల్లీ ఇళ్ల నుంచి బయలుదేరిన పాత చీరలు ఏయే చేతులు మారి ఎక్కడికి చేరుతాయో వివరించింది.

ఈ పరిశోధనల్లో ఒక అంశం స్పష్టంగా కనిపిస్తుంది. బట్ట వాడినవారు, దానిని అమ్మేవారు సాధారణంగా వేర్వేరు వ్యక్తులు. వాడినవారి గుమ్మం దాటగానే అది వర్తకుని సరుకవుతుంది. ధర, వర్ణన, కొనుగోలుదారుతో మాటామంతీ అన్నీ ఆ వర్తకుని పని. అంతర్జాల వేలం ఈ విభజనను చెరిపివేసింది. ఆ మార్పును అర్థం చేసుకోవాలంటే మొదట వేలం పద్ధతిని, పాత బట్టల మారకాన్ని విడివిడిగా చూడాలి.

2. వేలం: పదం, పద్ధతి

హిందీలోని ‘నీలామ్’ అనే మాటకు పోర్చుగీసు భాషలో వేలాన్ని సూచించే ‘లెయిలావ్’ మూలమని నిఘంటుకారులు చెబుతారు. తమిళంలోని ‘ఏలం’, తెలుగులోని ‘వేలం’ సాధారణంగా ఈ కోవలోనే చేరుస్తారు. మాట ఎక్కడి నుంచి వచ్చినా తెలుగువారు దానికి ‘పాట’ను జోడించుకున్నారు. ధర చెప్పడం ‘పాట పాడటం’, చెప్పినవాడు ‘పాటదారు’, అందరికన్నా ఎక్కువ చెప్పినవాడు ‘హెచ్చు పాటదారు’, ప్రభుత్వం తరఫున మొదట ప్రకటించే ధర ‘సర్కారువారి పాట’. హేతువు లేకుండా జనం ఒకదాని వెంటపడితే దానికి ‘వేలంవెర్రి’ అని పేరు. ఈ పలుకుబళ్లన్నీ వేలాన్ని నలుగురూ కూడిన చోట, గొంతెత్తి, ఒకరినొకరు చూసుకుంటూ జరిపే వ్యవహారంగా భావిస్తాయి. హైదరాబాదు శివార్లలోని బాలాపూర్‌లో వినాయకుని లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది. అక్కడ పాటదారు చెల్లించే సొమ్ములో లడ్డూ విలువతో పాటు, ఊరందరి ఎదుట పాడిన గౌరవం విలువ కూడా కలిసి ఉంటుంది.

ఐరోపాలో 17వ శతాబ్దంలో మరొక పద్ధతి ఉండేది. చిన్న కొవ్వొత్తి ముక్కను వెలిగించి, అది ఆరేలోపు చివరగా ధర చెప్పినవారికి సరుకు దక్కేటట్టు వేలం నడిపేవారు. ఈస్టిండియా కంపెనీ లండన్‌లో తన దిగుమతులను ఈ విధంగా అమ్మేది. 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరం ఏర్పరచుకున్న ఆ కంపెనీ కోరమాండల్ తీరం నుంచి తీసుకుపోయిన అద్దకపు బట్టలు లండన్‌లో ఇటువంటి వేలాల ద్వారానే టోకు వర్తకుల చేతికి వెళ్లేవి. ఆ విధంగా తెలుగు నేలమీద నేసిన బట్టకూ వేలానికీ ఉన్న సంబంధం నాలుగు శతాబ్దాల నాటిది. అయితే అది కొత్త బట్ట, టోకు సరుకు. అమ్మినది కంపెనీ, కొన్నది వర్తకుడు.

కొవ్వొత్తి వేలం గురించి ఆంగ్ల నౌకాదళ అధికారి శామ్యూల్ పెపిస్ తన దినచర్య గ్రంథంలో 1662 సెప్టెంబరులో ఒక విశేషం నమోదు చేశాడు. ఆరిపోయే ముందు వత్తి నుంచి వచ్చే పొగ కిందికి దిగుతుందని ఒక పాటదారు కనిపెట్టాడట. ఆ గుర్తు చూసి సరిగ్గా చివరి క్షణంలో ధర చెప్పి సరుకు దక్కించుకునేవాడట. గడువు నిర్ణయమైన ప్రతి వేలంలోనూ చివరి క్షణాన్ని పట్టుకోవాలనే ప్రయత్నం ఉంటుందనడానికి ఇది పాత సాక్ష్యం. మూడు శతాబ్దాల తరువాత ఇదే సమస్య కంప్యూటరు తెరమీద మళ్లీ తలెత్తింది.

3. పాత బట్ట: దానం, మారకం, సంత

తెలుగు పల్లె జీవితంలో పాత బట్టకు నిర్దిష్టమైన దారులుండేవి. పెద్దవారి బట్ట పిల్లలకు, అక్క లంగా చెల్లెలికి రావడం ఇంట్లో జరిగేది. మరీ నలిగితే బొంతగా, పసిపిల్లల పక్కగుడ్డగా, చివరకు మసిగుడ్డగా, దీపపు వత్తిగా మారేది. ఇల్లు దాటితే ఆశ్రిత వృత్తులవారికి చేరేది. చనిపోయినవారి బట్టలు రజకులకు వెళ్లడం ఆచారం. సంక్రాంతినాడు గంగిరెద్దు మీద కప్పిన రంగురంగుల చీరలు ఇంటింటా ఇచ్చినవే. ఈ దారుల్లో ఎక్కడా ధర ప్రస్తావన లేదు. పైగా ఇతరులు విడిచిన బట్టకు అంటుకున్న మైల భావన, దానిని ధరించడంలోని తక్కువతనం ఆ బట్టను బహిరంగంగా అమ్మకానికి పెట్టకుండా ఆపేవి. ఇచ్చేవారికి, పుచ్చుకునేవారికి మధ్య ఉన్న అంతస్తుల తేడా ఈ దానంలో నిక్షిప్తమై ఉందన్న సంగతి మరువరాదు.

పట్టణాల్లో మారకం బలపడింది. ‘పాత బట్టలకు స్టీలు సామాన్లు’ అని కేకవేస్తూ గంపతో వీధివెంట వచ్చే స్త్రీ ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల మధ్యతరగతి ఇళ్లకు సుపరిచితురాలు. ఆమె గుమ్మంలో కూర్చుని ప్రతి చీరను విప్పి, వెలుతురుకు పట్టి చూసి, అంచు సరిచూసి, ఎన్ని బట్టలకు ఏ గిన్నె ఇవ్వవచ్చో లెక్క వేస్తుంది. నూలుదైతే ఒక లెక్క, పాలిస్టరైతే మరొక లెక్క. పట్టుచీరలోని జరీకి వెండి విలువ ఉంటే దాని దారి వేరు. ఇంటి ఇల్లాలు ఇంకొక మూత అడుగుతుంది, ఆమె ఇంకొక చీర వేయమంటుంది. ఇందులో రూపాయి చేతులు మారదు. అందువల్ల పాత బట్ట ‘అమ్ముకున్నాం’ అనే మాట కుటుంబాలకు అవసరం రాలేదు.

ఈ మారకం భారతదేశానికే ప్రత్యేకం కాదు. 1851లో హెన్రీ మేహ్యూ లండన్ కూలీలు, పేదల జీవితాన్ని గ్రంథస్థం చేసినప్పుడు, పింగాణీ పాత్రలు ఇచ్చి పాత బట్టలు తీసుకునే వీధి వర్తకులను గురించి వివరంగా రాశాడు. వారు సేకరించిన బట్టలు హౌండ్స్‌డిచ్ ప్రాంతంలోని పాత బట్టల విపణికి చేరేవి. అక్కడ వాటిని బాగుచేసి, మళ్లీ రంగువేసి, తరగతులుగా విభజించి అమ్మేవారు. ఢిల్లీలోని రఘుబీర్‌నగర్‌లో తెల్లవారుజామున జరిగే పాత బట్టల సంత గురించి నోరిస్ రాసినదానికీ, మేహ్యూ రాసినదానికీ పోలిక ఉంది. హైదరాబాదులో జుమ్మెరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత వంటి చోట్ల వాడిన వస్తువుల వ్యాపారం కూడా ఈ వరుసలోనిదే.

ఈ వ్యవస్థల్లో మధ్యవర్తి నైపుణ్యం చేతి వేళ్లలో ఉంటుంది. బట్టను తాకి, లాగి, మడిచి దాని ఆయువును అంచనా వేయగలగడం ఆ వృత్తి విద్య. కొనేవారు కూడా తాకి చూస్తారు. కాబట్టి వర్ణనతో పనిలేదు. వస్తువు ఎదుటనే ఉంటుంది.

4. ఆక్షన్‌వెబ్: 1995

1995 సెప్టెంబరులో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పియర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామరు ‘ఆక్షన్‌వెబ్’ పేరుతో ఒక వేలం వేదికను అంతర్జాలంలో ప్రారంభించాడు. అక్కడ మొదట అమ్ముడుపోయిన వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటరు. అది 14.83 డాలర్లకు వెళ్లింది. పాడైన లేజర్ పాయింటర్లు సేకరించడం కొన్న వ్యక్తికి అలవాటని తరువాత తెలిసింది. 1997లో ఆ వేదిక పేరు ‘ఈబే’గా మారింది. 1998లో కంపెనీ వాటాలు మార్కెట్లోకి వచ్చాయి.

ఈ తొలి అమ్మకం పాత బట్టల చరిత్రకు కూడా వర్తిస్తుంది. ఒక ఊరిలో ఎవరికీ అక్కరలేని వస్తువుకు దేశంలో ఎక్కడో ఒకరు గిరాకీదారు ఉండవచ్చు. వారిని వెతకడానికి అయ్యే ఖర్చు వస్తువు విలువను మించడం వల్లనే అటువంటి బేరాలు అంతకుముందు కుదిరేవి కావు. బట్టల విషయంలో ఈ సమస్య మరింత తీవ్రం. కొత్త చొక్కాలు ఒకే నమూనాలో వేలకొద్దీ తయారవుతాయి. వాడిన చొక్కా మాత్రం ఒక్కటే. దాని కొలత, రంగు, అరుగుదల అన్నీ సరిపోయే మనిషి ఆ వీధిలో ఉండే అవకాశం తక్కువ. మార్కెట్ ధర తెలియని ఏకైక వస్తువుకు ధర కనుగొనడానికి వేలం తగిన సాధనమన్న వాదన ఇక్కడ బలంగా పనిచేసింది.

వేలం నియమం కూడా కొత్తవారికి అనుకూలంగా ఉండేది. పాటదారు తాను ఇవ్వగల గరిష్ఠ ధరను రహస్యంగా నమోదు చేస్తాడు. యంత్రం అతని తరఫున అవసరమైనంత మేరకే పాట పెంచుతుంది. ఉదాహరణకు 5 డాలర్ల వద్ద మొదలైన ఒక కోటుకు ఒకరు 20 డాలర్ల దాకా, మరొకరు 12 డాలర్ల దాకా సిద్ధపడితే, మొదటివారికి అది 12 డాలర్ల పైన ఒక మెట్టు ధరకు దక్కుతుంది. రెండవ అత్యధిక పాట మీద ధర నిర్ణయమయ్యే ఈ పద్ధతిని 1961లో ఆర్థికవేత్త విలియం విక్రీ సిద్ధాంతీకరించాడు. ఇందులో అమ్మకందారుకు ఒక చిక్కు ఉంది. ఇద్దరు పాటదారులు రాకపోతే పోటీయే లేదు. ఒక్కరే వస్తే సరుకు మొదటి ధరకే వెళ్లిపోతుంది. తక్కువ ధరతో మొదలుపెడితే జనం ఆకర్షితులవుతారు గాని నష్టపోయే ప్రమాదం ఉంది. ఎక్కువతో మొదలుపెడితే ఎవరూ పాడరు. గిన్నెల గంపతో వచ్చిన స్త్రీ తన అనుభవంతో మోసిన ఈ అనిశ్చితి ఇప్పుడు పూర్తిగా ఇంటివారి మీద పడింది.

5. తాకే చేతి స్థానంలో వర్ణన

అంతర్జాల వేలంలో బట్ట కొనేవారి చేతికి అందదు. తొలి సంవత్సరాల్లో అమ్మకపు ప్రకటనలు ప్రధానంగా అక్షరాలే. చిత్రం పెట్టాలంటే దానిని వేరేచోట భద్రపరచి అక్కడి నుంచి జతచేయాలి. డిజిటల్ కెమెరాలు అప్పటికి అందరి చేతుల్లో లేవు. అందువల్ల వస్తువు స్థానాన్ని వాక్యం ఆక్రమించింది. బట్టను చూడకుండానే పాట పాడేటంతటి స్పష్టత ఆ వాక్యంలో ఉండవలసి వచ్చింది.

ఈ అవసరం నుంచి ఒక వర్ణన సంప్రదాయం రూపుదిద్దుకుంది. మెడపట్టీ మీద ముద్రించిన సైజు సంఖ్య చాలదు. ఒకే సంఖ్య కంపెనీని బట్టి, దశాబ్దాన్ని బట్టి మారుతుంది. కాబట్టి బట్టను బల్లమీద పరచి చంకల మధ్య వెడల్పు, భుజాల వెడల్పు, పొడవు, చేతి పొడవు, నడుము కొలిచి ఇవ్వడం ఆనవాయితీ అయింది. తరువాత స్థితి చెప్పాలి. ధరపట్టీ ఊడనిదా, ఒక్కసారి తొడిగినదా, తరచుగా వాడినదా అన్నది తరగతి. ఆపైన లోపాలు: మరక ఎక్కడ, ఎంత, కుట్టు ఎక్కడ ఊడింది, గుండీ పోయిందా, రంగు ఏ మేరకు వెలిసింది. చివరగా ఇంట్లో పొగ తాగేవారు, పెంపుడు జంతువులు ఉన్నారా అన్నది. వాసనను చిత్రం చూపలేదు గనుక ఇది కూడా మాటల్లో చెప్పవలసిన అంశమైంది.

తెలుగులో బట్ట స్థితిని చెప్పే పదజాలం ఇటువంటి క్రమాన్ని ఎప్పటి నుంచో కలిగి ఉంది. మడత నలగని బట్ట, కట్టి విడిచిన బట్ట, మాసినది, నలిగినది, వెలిసినది, చివికినది, చినిగినది, పీలికలైనది – ఇవి పర్యాయపదాలు కావు, బట్ట జీవితంలోని వరుస దశలు. మాసినది ఉతికితే పోతుంది, వెలిసినది పోదు. చినిగినదానిని రఫూ చేయవచ్చు, చివికినదానిని చేయలేము. పోగు బలం పోయిందని ‘చివకడం’ అనే ఒక్క క్రియ చెబుతుంది. ఇంతటి సూక్ష్మభేదం నిత్యవ్యవహారంలో ఉన్నా, అమ్మకపు ప్రకటనల భాషగా అది ఎదగలేదు. మారకంలో వస్తువు ఎదుటే ఉండటం, పాత బట్టను రాతపూర్వకంగా అమ్మకానికి పెట్టే అలవాటు లేకపోవడం ఇందుకు కారణాలు. నేడు తెలుగువారు వాడిన చీరను అంతర్జాలంలో పెట్టినా వర్ణన ఇంగ్లీషులోనే సాగడం ఈ చారిత్రక ఖాళీకి కొనసాగింపే.

చీర విషయంలో మరొక విశేషం ఉంది. కుట్టని బట్ట కావడంవల్ల కొలతల సమస్య రవికె దగ్గరే ఆగిపోతుంది. ఎవరికైనా సరిపోయే బట్ట కాబట్టి అది అంతర్జాతీయ విపణిలో తేలికగా కదిలింది. కాని కదిలినది ఎక్కువగా చీరగా కాదు. పాత పట్టుచీరలను విదేశీయులు దిండు గలీబులకు, తెరలకు, కొత్త దుస్తులు కుట్టడానికి గుడ్డగా కొన్నారు. పాత చీరలు పాశ్చాత్య దుస్తులుగా మారే క్రమాన్ని నోరిస్ కూడా వివరించింది. ఏ ఊరి మగ్గం, ఏ పెళ్లి, ఏ అంచు అన్న వివరాలు అక్కడి ప్రకటనల్లో రంగు, పొడవు, ‘పట్టు’ అనే మాటల దగ్గర ఆగిపోతాయి. వర్ణనలో చోటు దక్కని విలువ ధరలోకి రాదు.

6. అపరిచితుల మధ్య నమ్మకం

అమ్మేవారికి తెలిసినది కొనేవారికి తెలియనప్పుడు మంచి సరుకు క్రమంగా మార్కెట్ నుంచి తప్పుకుంటుందని జార్జ్ ఎకర్లాఫ్ 1970లో వాడిన కార్ల ఉదాహరణతో వాదించాడు. ఆ వాదన ప్రకారం చూస్తే అపరిచితులు చూడకుండా పాత బట్టలు కొనే విపణి నిలవకూడదు. అది నిలవడానికి కారణమైన ఏర్పాట్లలో ముఖ్యమైనది 1996 ఫిబ్రవరిలో ఒమిడ్యార్ ప్రవేశపెట్టిన అభిప్రాయ పట్టిక. ప్రతి బేరం తరువాత ఇరుపక్షాలూ ఒకరిపై ఒకరు మంచి, మధ్యస్థం, చెడు అని నమోదు చేసి ఒక వాక్యం రాయవచ్చు. ఆ మొత్తం పేరు పక్కనే సంఖ్యగా కనిపిస్తుంది. 10 చేరితే పసుపు నక్షత్రం వస్తుంది. వీధిలో ‘ఫలానావారు’ అన్న పేరుకుండే విలువను ఒక సంఖ్యగా మార్చే ప్రయత్నమిది.

ఈ ఏర్పాటు తొలిసారి అమ్మేవారికి ప్రతికూలమైంది. వారి పేరు పక్కన సున్నా ఉంటుంది. దీని విలువ ఎంతో పాల్ రెజ్నిక్, మరికొందరు పరిశోధకులు ఒక క్షేత్రప్రయోగం ద్వారా తేల్చి 2006లో ప్రచురించారు. ఒకే రకమైన పాత పోస్టుకార్డులను మంచి పేరున్న అమ్మకందారు ఖాతాలోను, కొత్త ఖాతాల్లోను వేలానికి పెట్టగా, పేరున్న ఖాతాకు కొనుగోలుదారులు సగటున 8.1 శాతం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారు. తాకి చూడవలసిన, కొలత సరిపోవలసిన బట్టల విషయంలో కొత్తవారి మీద సందేహం ఇంతకన్నా తక్కువగా ఉండటానికి కారణం కనబడదు. అందువల్లనే కొత్తవారు మొదట చిన్నచిన్న వస్తువులు కొని, సమయానికి డబ్బు పంపి, కొంత పేరు సంపాదించుకున్న తరువాత అమ్మకానికి దిగడం ఆచారమైంది.

డబ్బు చేరడం మరొక సమస్య. 1990లలో చెక్కులు, మనియార్డర్లు తపాలాలో వచ్చేవి. చెక్కు చెల్లేదాకా అమ్మకందారు బట్ట పంపకుండా ఆగేవారు. 2002లో ఈబే సుమారు 150 కోట్ల డాలర్లకు పేపాల్‌ను కొనడంతో చెల్లింపు ఆ వేదికలో భాగమైంది. 2008లో అభిప్రాయ పట్టిక నియమం మారి, అమ్మకందారు కొనుగోలుదారు మీద చెడు అభిప్రాయం రాసే వీలు పోయింది. ప్రతీకారానికి భయపడి కొనుగోలుదారులు నిజం రాయడం లేదన్నది అందుకు చెప్పిన కారణం. ఫలితంగా అప్పటిదాకా సమానంగా ఉన్న ఇరుపక్షాల బంధం కొనేవారి వైపు మొగ్గింది.

7. చివరి క్షణపు పాట

నలుగురూ కూడిన వేలంలో ‘ఒకటోసారి, రెండోసారి’ అన్న కేక మరొకరికి అవకాశమిస్తుంది. మూడోసారి అనేలోపు ఎవరైనా పాడితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఈబేలో గడువు గడియారం చేతిలో ఉంటుంది. నిర్ణయించిన క్షణానికి వేలం ముగిసిపోతుంది. దీనివల్ల అనుభవజ్ఞులైన పాటదారులు రోజుల తరబడి మౌనంగా ఉండి చివరి కొన్ని సెకన్లలో పాడేవారు. ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, చివరి పాట తరువాత గడువు పొడిగించే అమెజాన్ వేలాలతో పోలిస్తే గడువు కచ్చితంగా ముగిసే ఈబే వేలాల్లో ఈ ధోరణి చాలా ఎక్కువని చూపించారు. పెపిస్ రాసిన కొవ్వొత్తి పొగ కథకు ఇది ఆధునిక రూపం.

తొలిసారి అమ్మేవారికి ఈ మౌనం అర్థం కాదు. వారం రోజులు పాట కదలకపోతే సరుకుకు గిరాకీ లేదనుకుంటారు. గొంతు వినబడని వేలంలో ఆసక్తిని అంచనా వేయడానికి ఎంతమంది చూస్తున్నారన్న సంఖ్య తప్ప మరొక ఆధారం లేదు. పాటలోని నలుగురి సందడి లోపించినప్పుడు ధర పెరిగే ఒత్తిడి కూడా కొంత తగ్గుతుంది.

8. భారతదేశంలో అంతర్జాల వేలం

భారతదేశంలో ఈ పద్ధతిని విస్తృతంగా పరిచయం చేసినది 2000లో ముంబయి కేంద్రంగా మొదలైన బాజీ.కామ్. 2004లో ఈబే దానిని సుమారు 5 కోట్ల డాలర్లకు కొన్నది. 2017లో ఈబే భారత విభాగం ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లింది, 2018 ఆగస్టులో మూతపడింది. ఈ వేదికల మీద నాణేలు, తపాలాబిళ్లలు, ఫోన్లు ఆదరణ పొందాయిగాని వాడిన దుస్తుల వేలం సామాన్య కుటుంబాల అలవాటుగా మారలేదు.

ఇందుకు కారణాలు పైన చర్చించిన చరిత్రలోనే ఉన్నాయి. ఒకటి, పాత బట్టకు మారకం గుమ్మం దగ్గరే జరిగేది. ఫొటో తీసి, కొలిచి, పొట్లం కట్టి, కొరియరుకు ఇచ్చే శ్రమకు ఒక సాధారణ చీర మీద వచ్చే డబ్బు సరిపోదు. రెండు, ఇతరులు విడిచినది ధరించడంపై ఉన్న విముఖత ఒక్కసారిగా పోలేదు. మూడు, బంధువులకు, ఇంట్లో పనిచేసేవారికి బట్టలివ్వడం సామాజిక బాధ్యతగా కొనసాగుతూనే ఉంది. ఒకటి రెండు సార్లు మాత్రమే కట్టిన ఖరీదైన పెళ్లి బట్టల విషయంలో ఈ విముఖత ఇటీవల సడలుతున్నది. అయితే అక్కడ కూడా వేలంకన్నా బేరమాడదగిన స్థిరధరే ఎక్కువ కనిపిస్తుంది.

9. వేలం తగ్గుదల, గొంతు పునరాగమనం

వేలం వెనుకబడటం భారతదేశానికే పరిమితం కాదు. 2000లో ఈబే స్వయంగా ‘ఇప్పుడే కొనండి’ అన్న స్థిరధర వెసులుబాటు తెచ్చింది. తరువాతి దశాబ్దంలో అమ్మకాల్లో వేలం వాటా వేగంగా తగ్గింది. ఈ పరిణామం మీద లిరాన్ ఐనావ్, సహపరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం, కొనుగోలుదారులకు వేలంలోని ఉత్కంఠ కన్నా సౌకర్యం ముఖ్యమైందని సూచించింది. అయితే విలక్షణమైన వాడిన వస్తువులకు, అనుభవం తక్కువగల అమ్మకందారులకు మాత్రం వేలం ఇంకా ఉపయోగపడుతున్నదని గుర్తించింది. అంటే తొలిసారి పాత బట్ట అమ్మేవారే వేలానికి మిగిలిన సహజమైన వినియోగదారులు.

దుస్తులు వేలం నుంచి విడివడి సొంత వేదికలు ఏర్పరచుకున్నాయి. 2008లో లిథువేనియాలో మిల్డా మిట్కుటే, యుస్టాస్ యనౌస్కస్ ప్రారంభించిన వేదిక తరువాత ‘వింటెడ్’గా ప్రసిద్ధమైంది. ఇల్లు మారుతున్నప్పుడు మిట్కుటే దగ్గర బట్టలు ఎక్కువైపోవడమే దాని ఆరంభానికి కారణం. 2011లో భారతీయ మూలాలున్న మనీష్ చంద్ర, మరికొందరు కలిసి అమెరికాలో ‘పాష్‌మార్క్’ స్థాపించారు. ఈ వేదికల్లో అమ్మకందారు ధర చెబుతాడు, కొనేవారు తగ్గించమని అడుగుతారు. ఇది వేలంకన్నా గుమ్మం ముందు బేరానికి దగ్గరగా ఉంది. మరొకవైపు 2019లో మొదలైన ‘వాట్‌నాట్’ వంటి వేదికలు ప్రత్యక్ష ప్రసారంలో వేలం నడుపుతున్నాయి. అమ్మేవారు బట్టను కెమెరా ముందు తిప్పి చూపుతూ, గొంతెత్తి చెబుతూ పాట పెంచుతారు. అక్షరాల్లోకి కుదించుకుపోయిన వేలంలోకి గొంతు తిరిగివచ్చింది. దానితో పాటు వృత్తి అమ్మకందారు కూడా తిరిగివచ్చాడు. కెమెరా ముందు గంటలకొద్దీ మాట్లాడగల నైపుణ్యం తొలిసారి అమ్మే గృహస్థుకు సాధారణంగా ఉండదు.

10. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు.

మొదటిది, అంతర్జాల వేలం పాత బట్టకు ధర కనుగొన్నది అనే సాధారణ అభిప్రాయం సగం మాత్రమే నిజం. ఇద్దరు పాటదారులైనా కలిసినప్పుడే అది ధర కనుగొంటుంది. కలవనప్పుడు మొదటి ధరే ధర. పేరులేని కొత్త అమ్మకందారుకు ఈ రెండవ స్థితి ఎదురయ్యే అవకాశం ఎక్కువ.

రెండవది, మధ్యవర్తి తొలగితే పూర్తి విలువ ఇంటివారికే చేరుతుందన్న వాదన శ్రమను లెక్కలోకి తీసుకోదు. ఉతకడం, ఇస్త్రీ చేయడం, ఫొటో తీయడం, కొలవడం, రాయడం, ప్రశ్నలకు జవాబివ్వడం, పొట్లం కట్టడం అన్నీ గతంలో మధ్యవర్తి మోసిన పనులు. ఇప్పుడవి ఇంటి పనిలో కలిసిపోయాయి. ఇంట్లో బట్టల బాధ్యత ఎవరి మీద ఉంటుందో ఈ కొత్త పని కూడా వారి మీదే, అంటే ఎక్కువగా స్త్రీల మీదే పడుతుంది. గిన్నెల గంప మోసిన స్త్రీ శ్రమ కనీసం వీధిలో అందరికీ కనబడేది.

మూడవది, ఈ మార్పులో భాష కేవలం ప్రచార సాధనం కాదు. చేతి స్పర్శ స్థానంలో నిలిచి లోపాన్ని నిజాయితీగా చెప్పే బాధ్యత దానిదే. ‘మాసినది’ అనవలసిన చోట ‘వెలిసినది’ అంటే అమ్మకందారుకు నష్టం, ‘చివికినది’ అనవలసిన చోట ‘నలిగినది’ అంటే కొనేవారికి నష్టం. తెలుగులో ఈ సూక్ష్మమైన పదజాలం ఉండి కూడా అమ్మకపు వ్యవహారంలోకి రాలేదు. నేతకు, అద్దకానికి సంబంధించిన మాటలు నిఘంటువుల్లో, వృత్తిపదకోశాల్లో కొంతవరకు చేరాయి. బట్ట అరుగుదలకు, బాగుచేతకు, మారకానికి చెందిన మాటలను గంపతో తిరిగే స్త్రీల నుంచి, రజకుల నుంచి, రఫూ పనివారి నుంచి సేకరించవలసి ఉంది. వీధుల్లో ఆ కేకలు తగ్గుతున్న కొద్దీ ఆ పదజాలం కూడా జారిపోతుంది. ఈ సేకరణను తెలుగు పరిశోధన తన పనిగా స్వీకరించడం అవసరం.